అక్క చుట్టిన కాయిలు

మొన్న ఆదివారం మా మేనకోడలు అటక మీంచి వాళ్ల నాన్న, అంటే మా బావ, పాత గిటారు దింపి, దుమ్ము దులిపి, తీగల కింద ఉండే పికప్పును విప్పి బల్ల మీద పెట్టింది. తర్వాత, తన కొత్త గిటారుకు ఇలాంటిదే కొంటానంటూ ఫోనులో ఏదో దుకాణం తెరిచి నా ముందుకు తోసింది. ఏ రకం అయస్కాంతం కావాలి, ఎంత సన్నని తీగ కావాలి, పైమూత ఏ రంగులో ఉండాలి, అన్నీ వేలితో తాకి ఎంచుకుంటే చాలట, పెట్టెలో సర్ది గాజువాకలో గుమ్మం ముందుకే తెచ్చి ఇస్తారట. నేను కళ్లజోడు సర్దుకుని ఆ బొమ్మల్లోకి చూస్తున్నానే గానీ, మనసు మాత్రం ఎప్పుడో జారుకుని, పూర్ణా మార్కెట్టులో ఒక ఇనపసామాన్ల కొట్టు ముందు, అల్మరా తలుపులకు బిగించే అయస్కాంతపు బిళ్లలను ఒక్కొక్కటే మేకుకు తగిలించి చూస్తున్న మా బావ పక్కన వెళ్లి నిలబడింది.

నా మాటల్లో సగం కొట్టేసి వినడం మా బంధువర్గంలో ఆనవాయితీ. ఈ సంగతిలో మాత్రం పావు కొట్టేస్తే చాలునని మనవి.

అప్పట్లో నాకు రేవులో గుమాస్తా ఉద్యోగం, మకాం అక్కావాళ్ల అద్దె ఇంట్లో. బావ పగలు ఉక్కు కర్మాగారంలో ఫిట్టరు, సెలవు దొరికితే పెళ్లిళ్లలో పాటలు పాడే ఆర్కెస్ట్రాలో గిటారిస్టు. మొదటి పని పొట్ట కోసం, రెండోది ఎందుకోసమో ఆయన ఎప్పుడూ చెప్పలేదు గానీ, కర్మాగారంలో ప్రమోషను జాబితాలో పేరు లేనప్పుడు రెండు ముద్దలు ఎక్కువే తిన్న మనిషి, ఉప్పుగాలికి గిటారు పికప్పు చచ్చిపోయిన రోజున మాత్రం కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు మొహమాటం లేని మనిషి (మా ఊళ్లో వరస లేకపోయినా ఎవరికి ఎవరైనా బావే). వీధిగుమ్మంలోనే నిలబడి, "సూడు బావా, వచ్చే ఆదివారం పెళ్లికి గిటారు సరిగ్గా పలక్కపోతే నీ కుర్చీలో ఇంకొకణ్ణి కూకోబెట్టీస్తాను, మరేటనుకోకు," అని చెప్పి, అక్క ఇచ్చిన కాఫీ తాగి మరీ వెళ్లాడు.

పికప్పంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, అయస్కాంతం, దానికి ఆనించిన ఇనప మరలు, ఆ మరల చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగితీగ, అంతే. గిటారు తీగ మీటితే ఆ కదలికను ఈ రాగితీగ చుట్ట, అంటే కాయిలు, పట్టుకుని శబ్దం పెంచే పెట్టెకు అందిస్తుంది. కొత్తది కొనాలంటే మద్రాసు నుంచి రావాలి, ఆదివారం లోపల అది రాదు. అంచేత బావ సొంతంగా చేయడానికి పూనుకున్నాడు, చేతిసంచీ మోయడానికి నేను.

మన తరంవాళ్లకు ఉన్న జబ్బే మాకూ ఉండేది, బలమైనదే మంచిదనుకోవడం. పగిలిన లౌడుస్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతాన్ని మొదట పెట్టి చూశాం. అది తీగలను కిందికి లాగి పట్టుకుని, స్వరం ఎత్తిందో లేదో గుటుక్కున మింగేసేది. బావ అత్తగారింటి నుంచి తెచ్చుకున్న వాచీ ఆగిపోయింది, వంటింట్లోని పట్టకారు దానంతటదే నడిచి వచ్చింది. (ఇక్కడ పావు కొట్టేయవచ్చు.) అందుకే అల్మరా బిళ్లలకు దిగాం. మరలు ఇత్తడివైతే మెరుస్తాయి గానీ అయస్కాంతానికి లొంగవు, కాబట్టి ఇనపవే తీసుకున్నాం. కాయిలు చుట్టే చట్రానికి స్విచ్చిబోర్డుల హైలం షీటు ముక్క కోసుకున్నాం. తీగ కోసం మోటార్లు చుట్టే కొట్టుకు వెళ్లి, వెంట్రుకకన్నా సన్నది కావాలని బావ అడిగితే, ఆ కొట్టాయన చేస్తున్న పని ఆపి ఎగాదిగా చూసి, "ఏటి బావా, దోమకి గాని మోటారు సుట్టిస్తన్నావా?" అన్నాడు. అన్నాడే గానీ బల్ల కింద వెతికి, ఎవరో వదిలేసిన చిన్న రీలు ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

గాలిపటం దారం చుట్టే చరఖాను బల్లకు బిగించి, దాని ఇరుసుకు చట్రం తగిలించి, బావ కుడిచేత్తో పిడి తిప్పుతూ ఒక కాయిలు చుట్టాడు. పలికింది. పలికింది గానీ వెనకాలే గుర్రుమని ఒకటే రొద. ఆ రొద విని రేవులోకి వస్తున్న ఓడ ఒకటి హారను కొట్టి జవాబిచ్చిందని నేను ఆఫీసులో చెబితే ఇద్దరు నమ్మారు కూడా. అప్పుడు సౌండుబాక్సులు అద్దెకిచ్చేవాడు ఒకడు, ఖరీదైన గిటార్లలో కాయిళ్లు పక్కపక్కన రెండుంటాయని, ఒకటి గుర్రుమంటే రెండోది దాని నోరు మూయిస్తుందని చెప్పాడు. బావ అదే చరఖా మీద అలాంటిదే రెండోది చుట్టి, అయస్కాంతానికి అటొకటి ఇటొకటి ఆనించి, మొదటిదాని చివరికొసను రెండోదాని మొదటికొసకు అతికించి మీటాడు. పాట పోయింది, గుర్రు రెట్టింపయింది!

ఆ కోపంలో విప్పబోతే రెండో కాయిలు తీగ పుటుక్కున తెగింది. అది శనివారం మధ్యాహ్నం, ఆయనకు డ్యూటీ వేళ. ఇంక ఆ కుర్చీ తనది కాదన్నట్టు స్క్రూడ్రైవరు బల్ల మీద పడేసి చెప్పులు వేసుకున్నాడు.

అక్క వంటింట్లోంచి వచ్చి, "అవన్నీ అలా ఒగ్గీండి. నాను సుడతాను," అంది.

మా అక్కది పుర్రచేతి వాటం. మా సబ్బవరం వైపు పొలం పనుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు గానీ, అత్తవారిది గోదావరి ఒడ్డు, ఆచారం గల ఇల్లు. అక్క ఎడమచేత్తో గరిటె ఎత్తితే చాలు, మాతోనే ఉండే వాళ్ల అత్తగారు మాట్లాడకుండా దాన్ని తీసి కుడిచేతిలో పెట్టేది. అక్క కుడిచేత్తో వడ్డించి నాలుగు మెతుకులు ఒలకబోసేది, దానికీ ఆవిడ మాట్లాడేది కాదు. ఆ పూట మాత్రం, "అదేవిటమ్మా, శుభమా అని పెళ్లికి వెళ్లే వస్తువు, ఆ చేత్తోనా?" అనేసింది.

అక్క కొంగు దోపుకుంది. బావ కూర్చునే చోట కాక, పిడి ఎడమచేతికి అందేలా బల్లకు అవతలివైపు కూర్చుని తిప్పడం మొదలెట్టింది. వంద చుట్లకొక చింతగింజ పక్కన పెట్టడం నా పని. మధ్యలో లెక్క తప్పితే అక్క తిట్టింది, తీగ మాత్రం తెగలేదు. కొవ్వొత్తులు పాలడబ్బాలో కరిగించి, తీగ కదలకుండా కాయిలును ఆ మైనంలో ముంచి తీశాం. బావ వచ్చి, మరో ఆలోచన లేనట్టు, మునుపటిలాగే అతికించాడు.

మర్నాడు పెళ్లిపందిట్లో పెట్టె ఆన్ చేస్తే చప్పుడే లేదు. కరెంటు రాలేదనుకుని బావ మొహం వాడిపోయింది. ఊరికే తీగ మీద వేలు వేశాడు. పందిరంతా పలికింది.

మాస్టారు పెట్టెకు చెవి ఆనించి విని, "ఇదేటి బావా, దీని నోరెవరు మూసీసినారు?" అన్నాడు.

"మా ఆవిడ," అన్నాడు బావ. పెళ్లయినవాళ్లంతా నవ్వారు.

మర్నాడు భోజనాల దగ్గర అక్క పరధ్యానంలో ఎడమచేత్తో గరిటె ఎత్తి, గుర్తొచ్చి ఆగిపోయింది. అత్తగారు కంచం ముందుకు జరిపి, "వడ్డించమ్మా, పులుసు చల్లారిపోతోంది," అంది. అంతకుమించి ఆ ఇంట్లో దాని గురించి చర్చ జరగలేదు.

తర్వాత ఊళ్లో వేరే ఆర్కెస్ట్రాలవాళ్లూ వచ్చి చేయించుకునేవారు. మొదటి కాయిలు బావ చుట్టేవాడు, రెండోదాన్ని మాత్రం చేత్తో ముట్టుకునేవాడు కాదు. అది మా ఆవిడ చుడితేనే పలుకుతుందనేవాడు.

ఇదంతా నెమరేసుకుంటూ ఉండగా మేనకోడలు భూతద్దం పెట్టి చూసి, "మావయ్యా, ఈ రెండోది తిరగేసి సుట్టినారేటి? మామూలుగానే సుట్టి, ఈ రెండు కొసలూ అటూ ఇటూ మార్చి అతికిస్తే అదే పని అయిపోయేది కదా!" అంది.

నిజమే. అక్క అవతలివైపు నుంచి తిప్పడంతో తీగ తిరగబడి చుట్టుకుని గుర్రు పోయిందనీ, బావ చుట్టినా కొసలు మారిస్తే చాలుననీ ఒక రేడియో మెకానిక్కు నాకు ఏనాడో చెప్పాడు. లేని ఓడలకు హారన్లు పెట్టి ఊరంతా తిప్పినవాణ్ణి, ఉన్న ఈ ఒక్క నిజాన్ని మాత్రం గడప దాటించలేదు. వంటింట్లో అక్క బజ్జీలు వేస్తోంది. నేను వేలు పెదాల మీద పెట్టుకోబోయేలోగా, వాలుకుర్చీలో పేపరు వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "ఆ కొసల జోలికి వెళ్లకు తల్లీ. అక్కడ మార్చాల్సిందేం లేదు."

పేపరు కదలలేదు. ఆయనకు ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు.

అక్క బజ్జీల పళ్లెం ఎడమచేత్తో తెచ్చి మధ్యలో పెట్టింది. ఎవరూ చూడలేదు, ఇప్పుడు ఎవరూ చూడరు. మేనకోడలు తన కొత్త గిటారుకు కావలసినది ఫోనులోనే ఎంచుకుంది. ఆ పికప్పుకు కొసలుగా నాలుగు రంగుల వైర్లు వస్తాయట, ఎటు కావాలంటే అటు మార్చుకోవచ్చట. ఏ చేత్తో ఇచ్చినా తప్పులేని రోజులొచ్చాయి, మంచిదే. ఏ చెయ్యీ అక్కర్లేని రోజులు కూడా వాటితోపాటే వచ్చాయి.