తాళం వేసిన ప్లాటులో తంగేడు పూలు

యాదగిరిగుట్ట నరసింహస్వామి మీద ఒట్టు. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం చదవగానే నవ్వుతారని తెలుసు. మా ఊరి బావిలో మొసలి ఉందని చెప్పి, పిల్లల్నే కాదు పెద్దల్ని కూడా ఈతకు దిగకుండా చేసినవాణ్ణి నేను. అందుకే ఈసారి మనుషుల్ని వదిలేసి నేరుగా దేవుణ్ణే సాక్ష్యానికి పిలిచాను.

మేముండేది ఎల్బీనగర్ దాటి లోపలికి, అల్మాస్‌గూడ వైపు. నల్గొండ నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కిరాయి ఇళ్లలో సగం వయసు గడిపి, ఇక్కడ ఇల్లు కట్టుకునే నాటికి చేలన్నీ ప్లాట్లయిపోయాయి. పేరుకు ఊరే. కాలనీలో మాత్రం గ్రానైటు మెట్లు, ఇంటికి రెండు కార్లు, పొద్దున్నే కుక్కల్ని తిప్పే పెద్దమనుషులు. కాలనీ గోడకు అవతల పాత ఊరు. అక్కడి బర్రెలు మా రోడ్డు మీదుగానే మేతకు పోయేవి. కార్లవాళ్లు హారన్ కొట్టేవాళ్లు, బర్రెలు వాటి తీరున అవి నడిచేవి.

తెలంగాణ ఉద్యమం వేడెక్కాక మా వాకింగ్ జట్టు రెండయింది. కోస్తావాళ్లు పార్కు చుట్టూ ఎడమ నుంచి తిరిగితే మేము కుడి నుంచి తిరిగేవాళ్లం. ఎదురుపడితే నమస్కారాలు మానలేదు కానీ మాటలు తగ్గాయి. టీవీలో ఎవరో ఏదో అన్న మర్నాడు నమస్కారాలు కూడా సగం చేతిలోనే ఆగిపోయేవి.

మా ఎదురింట్లో కిరాయికి ఉండే ఇంజనీరు గారిది గుంటూరు వైపు. ఉద్యోగమంతా ఇక్కడే చేసి రిటైరయ్యారు. అప్పుడు చేతికొచ్చినదంతా పెట్టి మా వీధి చివర ఒక ప్లాటు కొన్నారు. ఇల్లు కట్టే లోపు ఉద్యమం వచ్చింది. రాష్ట్రం విడిపోతే ప్లాట్లన్నీ ఇక్కడివాళ్లు గుంజుకుంటారని ఊరి నుంచి చుట్టాలు ఆయనకు రోజూ ఫోన్లు చేసేవారు. "ఇది పోతే మేమిద్దరం రోడ్డు మీదే అండీ" అని ఒకసారి నాతో అన్నారు, నవ్వుతున్నట్టే.

ఆ మంటకు నేనూ ఒక పుల్ల ఎగదోశాను. టీ కొట్టు దగ్గర మాట దొరక్క ఒక కథ అల్లాను. నాగోల్ అవతల ఖాళీ ప్లాటులో పొద్దున ఎవరో నాలుగు కర్రలు పాతారట. మధ్యాహ్నానికి వాటి మీద చీర కప్పారట. సాయంత్రానికి దాని కింద ఒక ముసలమ్మ కూర్చుని రొట్టెలు కాలుస్తూ, ప్లాటు ఓనరు వస్తే, ఎవరు నువ్వని ఆయన్నే అడిగిందట. అందరూ నవ్వారు. ఇంజనీరు గారు టీ సగంలోనే వదిలేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన ప్లాటు గోడ మనిషెత్తు లేచింది, దాని మీద గాజు పెంకులు మొలిచాయి, గేటుకు పెద్ద తాళం పడింది.

సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. అదే సమయానికి బతుకమ్మ వచ్చింది. ఏటా మా నల్గొండ పల్లెల ఆడవాళ్లు తెల్లవారుజాము బస్సులో గునుగు, తంగేడు మోపులు తెచ్చి ఎల్బీనగర్ చౌరస్తాలో దించేవారు. బస్సులు లేవు కాబట్టి పూలూ లేవు. ఈసారి బతుకమ్మను ఉద్యమ టెంటు ముందు, నడిరోడ్డు మీద ఆడాలని మా ఆడవాళ్లు పట్టుబట్టారు. పూలు లేకుండా ఏం ఆడతారు? మా ఇంటామె మేడ మీద బట్టలు ఆరేస్తూ ఇంజనీరు గారి ప్లాటులోకి తొంగి చూసింది. నడుమెత్తు గునుగు, తెల్లగా. మూలన తంగేడు పొద, పచ్చగా. బర్రెల మూతి పడని చోట పల్లె మళ్లీ మొలిచింది.

పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఇంజనీరు గారు ఎప్పటిలాగే తాళం తీసి, ప్లాటంతా ఒకసారి తిరిగి, ఇప్పుడే వస్తాను కదా అని తాళం వేయకుండా గేటు దగ్గరకు వేసి కాఫీకి ఇంటికి వెళ్లారు. ఆ సందులో మా ఇంటామె, పాత ఊళ్లో ఉండే బస్సు కండక్టరు భార్య, ఆ కండక్టరు తల్లి, ఇంకొందరు కొడవళ్లు పట్టుకుని లోపలికి వెళ్లారు. ఆయన్ని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గడ్డిపూలకు అడిగేదేముంది, అనుకున్నారు. ఎండ చురుక్కుమంటోంది. కోసిన పూలు వాడిపోతాయని కండక్టరు భార్య నాలుగు కర్రలు పాతి, పాత చీర ఒకటి కట్టి, పూలు ఏరడానికి అత్తను దాని కింద కూర్చోబెట్టింది.

కాఫీ తాగి వచ్చిన ఇంజనీరు గారికి ఏం కనపడి ఉంటుందో ఊహించండి. నాలుగు కర్రలు. చీర. ముసలమ్మ. చుట్టూ కొడవళ్లు. గేటు లాగి తాళం వేసి పరుగున మా ఇంటికొచ్చారు.

"దొరికారండీ. అచ్చం మీరు చెప్పినట్టే."

ఆయన వెనకే పరుగెత్తాను. గేటు ఊచల్లోంచి చూస్తే గునుగు మధ్యలో మా ఇంటామె నిలబడి ఉంది. నావైపు చూసిన చూపును వర్ణించడం నావల్ల కాదు. లోపల ఉన్నది నా భార్యేనని ఇంజనీరు గారికి చెప్పాను. ఆవిణ్ణి కూడా మాయమాటలు చెప్పి తెచ్చి ఉంటారన్నారు ఆయన. పోలీసులకు ఫోన్ చేశారట, అందరూ చౌరస్తా బందోబస్తులో ఉన్నారట. తెరిస్తే వెనక ఇంకో వందమంది దూరతారని ఆయన భయం. తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నారు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

లోపలి నుంచి ఎవరో టెంటుకు ఫోన్ చేశారు. ఆంధ్రాయన ఆడవాళ్లను లోపల పెట్టి తాళం వేశాడన్న మాట మా వీధి మలుపు తిరిగే లోపు, కొట్టాడనే దాకా పెరిగింది. కథ అంత వేగంగా పెరగడం నేను కూడా ఎన్నడూ చూడలేదు.

జనం వచ్చారు. ముందు నడుస్తున్నది సమ్మెలో ఉన్న కండక్టరు, ఖాకీ చొక్కాతోనే. అరవలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"అన్నా, మా అమ్మ లోపలున్నదా?"

ఉంది, నీడకే కూర్చుంది, అన్నాను. తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయిందనీ, తీసేవాడి కోసం మనిషిని పంపామనీ నోటికొచ్చింది చెప్పాను.

"నీ కథలు గిప్పుడొద్దన్నా." నన్ను పక్కకు జరిపి ఇంజనీరు గారి ముందు నిలబడ్డాడు. "సార్, తాళం తీయుండ్రి."

"ముందు ఆ గుడిసె పీకించండి, తీస్తాను."

"గుడిసేంది?"

వెనక ఒకతను వంగి రాయి తీసుకున్నాడు. ఒక్క రాయి లేస్తే ఆ తర్వాత వచ్చేవి ఎవరివో ఎవరూ చెప్పలేరు. ఆ రాయి ఆయన మీద పడితే ఆయన ఈ వీధిలో ఉండలేరు. మేము ఉండగలం, కానీ ఎలా ఉంటామో అప్పుడు తలుచుకోలేకపోయాను.

అప్పుడు లోపలి నుంచి మా ఇంటామె గొంతు వినపడింది.

"ఎవ్వలు లోపలికి రాకుండ్రి. గునుగంత తొక్కుతరు. మాదింక కాలే."

ముందుకు పడబోయిన కాళ్లు ఆగాయి. కండక్టరు భార్య పూల ఒడితో గేటు దాకా వచ్చింది. ఊచల్లోంచి ఇంజనీరు గారితోనే మాట్లాడింది.

"అడగక వచ్చినం సార్, మాది తప్పే. పూలు వాడుతయని చీర గట్టినం. గంతదానికే తాళమేస్తరా?"

ఆయన మొదటిసారి ఆమె ఒళ్లోకి చూశారు. తర్వాత చీర కిందికి చూశారు. పూలే ఉన్నాయి. మెల్లగా వచ్చి చెవి తాళంలో పెట్టబోయారు. చెయ్యి వణికి పక్కకు పోయింది. కండక్టరు తాళాన్ని కదలకుండా పట్టుకున్నాడు. తాళం ఊడింది. ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని బయటికొచ్చారు. కండక్టరు లోపలికి వెళ్లి కర్రలు పీకి, చీర మడిచి తల్లి చేతికిచ్చాడు. ఆ సాయంత్రం నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడారు.

నరసింహస్వామి ముందు ఇంక నిలబడలేను. ఒక్కచోట కల్పించాను. తాళం ఆయన తీయలేదు.

కండక్టరు భార్య అడిగినా ఆయన గోడ దగ్గరి నుంచి కదల్లేదు. కండక్టరు వెనకతని చేతిలోని రాయి తీసుకుని తాళం పగలగొట్టాడు. మొదటి దెబ్బ చప్పుడుకే ఇంజనీరు గారు రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకున్నారు. ఆయన్ని ఎవరూ ముట్టుకోలేదు. కొట్టాలని కూడా ఎవరికీ లేదు. కానీ ఆ చేతులు అందరం చూశాం. కండక్టరు కూడా చూశాడు. రాయి కింద వేసి ఆడవాళ్లు బయటికి వచ్చేదాకా తల ఎత్తలేదు.

తర్వాత ఇంజనీరు గారు చాన్నాళ్లు గడప దాటలేదు. కండక్టరు మా వీధిలోకి రావడం మానేశాడు. అప్పుడు టీ కొట్టు దగ్గర కూర్చుని నేను ఆ సంగతిని ఇంకోలా చెప్పడం మొదలుపెట్టాను. ఆయనే తెరిచారన్నాను. వణికే చెయ్యి నేను పెట్టిందే, తాళం పట్టుకున్న చెయ్యి కూడా. కథ కాలనీ అంతా తిరిగింది, గోడ దాటి పాత ఊరికీ పోయింది.

రాష్ట్రం వచ్చాక ఇంజనీరు గారు ఆ ప్లాటులో ఇల్లు కట్టి గృహప్రవేశానికి పాత ఊరివాళ్లనూ పిలిచారు. భోజనాల బంతిలో ఎవరో ఆనాటి మాట ఎత్తారు. నేను నీళ్ల గ్లాసు అందుకున్నాను. కండక్టరు విస్తరిలోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"సారే తీసిండు. నేను జర తాళం పట్టుకున్న, గంతే."

"అవునండీ, చెయ్యి వణికింది. ఈయనే పట్టుకున్నారు," అన్నారు ఇంజనీరు గారు, అతని విస్తట్లో గారెలు వేస్తూ.

ఇప్పుడు ఆ తాళం పగిలిందని చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. మొసలి కథ చెప్పిన నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? మా ఇంటామెను సాక్ష్యానికి పిలిచాను. గునుగు కోసుడుల ఉండి అటు చూడలేదంటుంది.