ఐదు జతల కాన్వాసు బూట్లు

మొన్న మనవరాలి కాలేజీలో బాస్కెట్‌బాల్ పోటీ చూడ్డానికి వెళ్లాను. ఆట మొదలై నాలుగు నిమిషాలైనా కాకుండానే కోచ్ దాన్ని బయటికి పిలిచారు. ఏం తప్పు చేసిందిరా దేవుడా అని నేను లేచి నిలబడితే, అది నవ్వుకుంటూ వచ్చి నీళ్లు తాగి బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. దాని బదులు ఇంకో పిల్ల వెళ్లింది, కాసేపటికి మరొకత్తె. పదిమందీ అలా వంతులవారీగా ఆడుతూనే ఉన్నారు, ఒక్కరి మొహమూ మాడలేదు. నేను మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

ఎనభైల మొదట్లో మా నర్సీపట్నం కాలేజీ ఆడపిల్లల జట్టులో పదిమందిమి ఉన్నా, మొదటినుంచి చివరిదాకా ఆడేది ఐదుగురమే. ఆటలు నేర్పే మా మేడంగారికి అందరినీ ఆడించాలనే ఉండేది గానీ, కాలేజీకి ఉన్నవి ఐదు జతల కాన్వాసు బూట్లు. ఒకర్ని మార్చాలంటే దిగినమ్మాయి బూట్లు విప్పి ఎక్కే అమ్మాయికి ఇవ్వాలి, అదీ ఇద్దరి పాదాలూ సరిపోతేనే. నా బూట్లు సరిపోయేది ఒక్కతెకే, కొయ్యూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న నా జూనియరుకి. ప్రాక్టీసులో నా చెమటతో తడిసిన ఆ జతని కిమ్మనకుండా తొడుక్కునేది పాపం.

ఆ ఏడు విశాఖపట్నంలో కాలేజీల పోటీలు జరిగాయి. మిట్టమధ్యాహ్నం, సిమెంటు కోర్టు, యూనివర్సిటీ జట్టుకి పిల్లల్ని ఏరడానికి వచ్చిన పెద్దలు ఎదురుగా కుర్చీల్లో ఉన్నారు. రెండో సగంలో నా కాళ్లు తేలిపోవడం కనిపెట్టి మేడంగారు కేకేశారు.

"నువ్వొచ్చీమ్మా, బేగి బూట్లు ఇప్పు!"

నన్నా? దింపేస్తారా? నెత్తిన పిడుగు పడ్డట్టయింది. వాళ్ల కళ్లముందు దిగిపోతే నా పని అయిపోయినట్టే అనుకున్నాను. బెంచీ మీద కూర్చుని, లేసు ముడిపడిపోయిందండీ అంటూ ఊరికే వేళ్లతో కెలుకుతూ ఉండిపోయాను. ముడీ లేదు, గిడీ లేదు. నా ఎదుట గొంతుక్కూర్చున్న జూనియరు లేసు వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. ఇక నన్ను బయటపెట్టేస్తుందనుకున్నాను.

"ఆ బూట్లు నాకు కరుస్తాయండి మేడం, ఉట్టికాళ్లతో ఆడేత్తానండి," అని లేచి వెళ్లిపోయింది.

రిఫరీ కూడా అడ్డు చెప్పలేదు. పెనంలా కాలుతున్న ఆ కోర్టు మీద ఆట అయ్యేదాకా ఆ పిల్ల పరిగెత్తింది, మమ్మల్ని గెలిపించింది కూడా. తీరా కూర్చుని పాదాలు తిప్పితే అరికాళ్ల నిండా బొబ్బలు!

"ఏటే ఇది, సెప్పొచ్చు కదే!" అని మేడంగారు ఏడ్చినంత పని చేశారు. అది నా వంక చూడనైనా చూడలేదు.

మర్నాడు పొద్దున్న ఆఖరి ఎంపికకి రమ్మని చదివిన పేర్లలో మా ఇద్దరివీ ఉన్నాయి. తను కాలు కింద పెట్టలేకపోయింది. నేను వెళ్లాను, ఆ బూట్లే వేసుకుని. ఆ ఎంపికతో వచ్చిన సర్టిఫికెట్టే తర్వాత నాకు క్రీడల కోటాలో ఉద్యోగం తెచ్చిపెట్టింది.

ఆట అయ్యాక, మా రోజుల్లో మొదటినుంచి చివరిదాకా ఐదుగురమే ఆడేవాళ్లమని చెబితే మనవరాలు, మీ మేడం మిమ్మల్ని ఎందుకు మార్చేవారు కాదు అమ్మమ్మా అని అడిగింది. అందరికీ బూట్లు ఉండేవి కావమ్మా అన్నాను. అయ్యో అని తెగ ఆశ్చర్యపోయింది, తనకే మూడు జతలున్నాయి మరి. ఆ ఒక్కరోజు మాత్రం బూట్లున్నాయి, నేనే విప్పలేదు అని చెప్పడానికి ఇన్నేళ్లయినా నాకు నోరు రాలేదు.