ఆపేసిన నంబరు

నేను చేసే పనేమిటో మా ఇంట్లోవాళ్ళకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "సముద్రం మీదకి పోవద్దని మెసేజ్‌లు పంపిస్తాడు" అని చర్చిలో అడిగినవాళ్ళకి మా అమ్మ చెప్తుంది. నిజానికి గాలి హెచ్చరికైనా, శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు ఫలానా వైపు వేటకి వెళ్ళొద్దన్న కబురైనా పైనుంచే వస్తాయి. అవి జాలర్ల ఫోన్లకి చేరేదాకా వెనకాల సర్వర్లో ఒక వ్యవహారం నడుస్తూ ఉంటుంది. అది ఆగితే తిట్లు తినడమూ బాగుచేయడమూ నా ఉద్యోగం. నెల్లూరులో ఒక మేడమీద ముగ్గురం కూర్చుంటాం. అది నడిచినన్నాళ్ళూ మేమున్నామని ఎవరికీ గుర్తుండదు.

ఆ ఏడాది మెసేజ్‌లు ఇరుక్కుపోవడం మొదలైంది. పొద్దున పదికి వెళ్ళాల్సినవి భోజనాల వేళకి వెళ్ళేవి. మేనేజర్ గారు గంటకోసారి వచ్చి నా కుర్చీ వెనక నిలబడేవారు. వెతగ్గా వెతగ్గా కారణం దొరికింది. ఒకే ఫోన్ నంబరు నలభైకి పైగా పడవల మీద నమోదై ఉంది. ప్రతి హెచ్చరికా ఆ ఒక్క నంబరుకే నలభైసార్లు వెళ్తుంటే, టెలిఫోన్ కంపెనీవాళ్ళు అనుమానపడి మా మెసేజ్‌ల వరస మొత్తాన్నీ నిలిపేస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. పడవలు నమోదు చేసినవాడెవడో బద్ధకంకొద్దీ అందరికీ తన నంబరే రాసి పారేశాడనుకున్నాను. ఒక నంబరు మీద ఐదు పడవలకి మించి ఉంటే దానికి ఏమీ పంపొద్దని నాలుగు లైన్లు రాశాను. టీ చల్లారేలోపు పని అయిపోయింది. ఆ సాయంత్రం మేనేజర్ గారు అందరికీ బజ్జీలు తెప్పించారు. ఆ నంబరుకి ఒకసారి ఫోన్ చేసి ఎవరిదో కనుక్కోవాలని నాకు తట్టలేదు. తట్టలేదనడం కూడా అబద్ధమే. తట్టింది, బద్ధకించాను.

రెండు వారాలకి గాలి హెచ్చరిక వచ్చింది. నా తెరమీద అంతా పచ్చగా ఉంది, అన్నీ చేరినట్టే. ఆపేసిన నంబర్లు లెక్కలోకే రావు. అలా రాసిందీ నేనే. మర్నాడు బోగోలుకి తూర్పున ఒక పాళెం నుంచి పడవలన్నీ వేటకి వెళ్ళాయి. గాలికి ఒకటి బోల్తాపడింది. అందులో ఇద్దరు ఈదుకుంటూ బయటపడ్డారు. మూడో మనిషి దొరకలేదు.

నెల తర్వాత, హెచ్చరిక ఉండగా పడవలెందుకు వెళ్ళాయో కనుక్కు రమ్మని ఆఫీసువాళ్ళు నన్నే పంపించారు. నేను ఆపేసిన నంబరు ఆ పాళెంలో ఎండుచేపలు అమ్ముకునే ఒకామెది. ముప్పై ఏళ్ళుంటాయి, పదో తరగతి దాకా చదివింది.

"మగోళ్ళ ఫోన్లు నీళ్ళలో పడి పోతా ఉంటాయన్నా. మాటిమాటికీ నంబర్లు మారుస్తారు. నాదయితే గట్టునే ఉంటాది. అందుకని అందరూ నాదే రాయించినారు" అంది.

ఆ పాళెంలో ఎవరికి వారు ఫోన్ చూసుకుని ఆగిపోవడం ఉండదు. ఆమె చదివి కులపెద్దకి, అంటే పెద్దకాపుకి, చెప్తుంది. ఆరోజు పడవ దించకూడదని ఆయన దురాయి వేస్తాడు. ఆ మాట దాటినవాడు ఆ ఊళ్ళో లేడు. దురాయి పడలేదంటే సముద్రం బాగున్నట్టే లెక్క. నేను చెత్త అనుకుని ఆపేసింది ఊరు మొత్తానికున్న ఒక్క చెవిని.

పోయినవాడు ఆమె సొంత అన్న.

"మెసేజ్ వచ్చే ఉంటాది, నేనే చూసుకోలేదంటా ఉండారు. అన్న పెద్దకర్మకి మా వదిన నన్ను గడప తొక్కనీలేదు. ఈ ఫోన్ ఎన్నిసార్లు తిరగేసినానో నాకే తెలీదు. నువ్వు చెప్పన్నా. వచ్చిందా, రాలేదా?"

రాలేదమ్మా అన్నాను. ఆపింది నేనేనని కూడా చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. వలల కుప్ప మీద కూలబడి ఏడ్చింది. "అయితే నేను చూడక కాదు" అని తనలో తనే రెండుసార్లు అనుకుంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ మాటే పెద్దకాపు ముందర చెప్పన్నా. మా వదిన తలుపు తీస్తాది" అంది. ఆయన ఆరోజు కావలి వెళ్ళి ఉన్నాడు. ఆదివారం వచ్చి చెప్తానని మాటిచ్చి, నా నంబరు ఇచ్చి వచ్చాను.

ఆఫీసులో మీటింగ్ పెట్టారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. "మెసేజ్‌ను గ్రహీత గమనించకపోయి ఉండవచ్చు" అని రిపోర్టులో రాశారు. బయట నోరు మెదిపితే కాంట్రాక్టు పోతుంది, ముందు నువ్వు పోతావు అన్నారు మేనేజర్ గారు. సంతకం పెట్టాను. ఎన్ని పడవలున్నా నంబరుకి ఒక్క మెసేజ్ చొప్పున వెళ్ళేలా మార్చాను. రెండు లైన్లు పట్టింది. మొదటే అలా రాసి ఉంటే ఆ మనిషి బతికి ఉండేవాడు. ఈ మాట అనుకోకుండా నేను ఒక్కరోజు కూడా కంప్యూటర్ ముందు కూర్చోలేదు.

ఆదివారం చర్చికి వెళ్ళాను. ఆమె కోసం ప్రార్థన చేశాను. ప్రార్థన చేసుకోడానికి బస్సెక్కక్కర్లేదు, పెద్దకాపు ముందు నిలబడక్కర్లేదు. నా భక్తి అంతమాత్రమే. ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు. ఆమె ఫోన్ చేస్తే పని ఒత్తిడి అన్నాను. మరోసారి చేస్తే జ్వరమన్నాను. తర్వాత ఎత్తడం మానేశాను. ఆమె ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు.

ఏడాది తిరిగొచ్చింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తింటుంటే ఆమె దగ్గర్నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది.

"అన్నా, రేపు మా అన్న సంవత్సరీకం. వదిన నన్ను పిలవలేదు. నువ్వు పొద్దున్నే వచ్చి ఒక్క మాట చెప్తే పిలుస్తాది. ఎదురు చూస్తా ఉంటా."

తెరిచి చదివాను. ఆమె ఫోన్లో దాని పక్కన రెండు నీలం టిక్కులు పడి ఉంటాయి, ఆమె చూసే ఉంటుంది. నేను వెళ్ళలేదు.