ఇప్ప చెట్టుకు షట్‌డౌన్

బొడ్డేపల్లి శంకరరావు ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియను. అయితే భిలాయి సెక్టర్ 7లో ఆయన కీర్తికి కారణం కరెంటు కాదు, నిద్ర.

నైట్ షిఫ్టు దిగి, క్వార్టరు ముందు సైకిలు ఆపి, చద్దన్నం తిని, నవారు మంచం నెత్తిన పెట్టుకుని ఎదుటి మైదానంలోకి నడిచేవాడు. అక్కడ ప్లాంటు కంటే వయసులో పెద్దవైన ఇప్ప చెట్లు కొన్ని గుంపుగా ఉండేవి. వాటిలో లావుపాటి దాని కింద మంచం వాల్చాడంటే మధ్యాహ్నం దాకా ఆయన ఈ లోకానికి చెందిన మనిషి కాడు. పిల్లల క్రికెట్లో మంచానికి బంతి తగిలితే నాలుగు పరుగులు. ఆయనకు తగిలితే బ్యాట్స్‌మన్ అవుట్. ఈ నియమాలు ఎవరు రాశారో తెలియదు గాని, ధిక్కరించినవాడు లేడు.

భార్య సింహాచలమ్మకు ఇది నామోషీగా ఉండేది. ఇంట్లో ఫ్యాను లేదేటని ఏటేటా అడిగేది. ఫ్యాను ఉంది. మే నెలలో అది పైకప్పు వేడిని శ్రద్ధగా కిందికి దింపుతుంది, అంతే. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆయన నిద్ర మరీ చిక్కబడేది. ఆ రోజుల్లో ఇప్పసారా అనుమానంతో ఆవిడ ఆయన నోరు వాసన చూసిగాని ఇంటి గుమ్మం దాటనిచ్చేది కాదు.

తొంభై నాలుగు వేసవిలో ఆ నిద్రకు కల్యాణ మండపం రూపంలో గండం వచ్చింది. మండప నిర్మాణ సంఘానికి అధ్యక్షుడు సుబ్రహ్మణ్యం గారు, నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్న ప్లాంటు ఇంజనీరు. మంచివాడు. మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు టెంట్ల కింద జరగడం చూసి ఎంతో నొచ్చుకున్న హృదయం. ఆ మైదానంలోనే స్థలానికి అనుమతి తెచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, చెట్లు నరకడానికి పక్క ఊరు కుమ్హారి నుంచి మనుషుల్ని మాట్లాడారు.

సభ పెట్టినప్పుడు అప్పడాలు ఎక్కడ ఆరబెట్టుకోవాలని పక్కింటి చిన్నమ్మలు అడిగింది. శంకరరావు లేచి, తన నిద్ర మాటేమిటన్నాడు. సభ చాలాసేపు నవ్వి, తీర్మానాన్ని నెగ్గించింది. ఆయన నవ్వలేదు. పగలు కునుకు తీయని మనిషి రాత్రి ఆ పెద్ద స్విచ్‌ల ముందు ఎలా నిలబడాలో తీర్మానంలో రాయలేదు.

మిల్లులో ఒక ఆచారం ఉంది. యంత్రం మరమ్మతుకు దిగేవాడు షట్‌డౌన్ తీసుకుని, అంటే కరెంటు ఆపి, తన పేరున్న ఎర్ర ట్యాగ్‌ను స్విచ్‌కు తగిలిస్తాడు. తగిలించినవాడే దాన్ని తీయాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టడు. ఎందుకంటే అవతల ఎవడి చేతులు పళ్ళచక్రాల మధ్య ఉన్నాయో తెలియదు.

చెట్లు కొట్టే రోజున కుమ్హారి మనుషుల్ని వెంటబెట్టుకుని మేస్త్రీ బంగార్రాజు వచ్చేసరికి, లావుపాటి ఇప్ప చెట్టుకు తీగతో కట్టిన ఎర్ర ట్యాగ్ ఊగుతోంది. ‘మనుషులు పనిలో ఉన్నారు. శంకరరావు.’ కింద, పేర్కొన్న వ్యక్తి గుర్రుపెడుతున్నాడు.

బంగార్రాజు ఒకప్పుడు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. గొడ్డళ్ళు కింద పెట్టించాడు. మిగతా చెట్లకు ట్యాగ్ లేదు కదా అని ఒకడు గొణిగితే, మెయిన్‌కి ట్యాగ్ ఉంటే కింది లైన్లన్నీ ఆగినట్టేనని కసిరి, సుబ్రహ్మణ్యం గారికి కబురంపాడు.

ఆయన స్కూటరు మీద వచ్చి ట్యాగ్ వైపు చెయ్యి చాపారు. వీధివీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. ట్రైనీగా చేరిన నాటినుంచి ఇంకొకరి ట్యాగ్ ముట్టని ఆ చెయ్యి గాలిలోనే ఆగి, మర్యాదగా వెనక్కి వచ్చింది.

“శంకరరావూ, లే. నీ ట్యాగ్ నువ్వే తియ్యి.”

“పని అవలేదు బాబూ,” అన్నాడు శంకరరావు కళ్ళు తెరవకుండా.

“ఏం పనయ్యా?”

“నిద్ర బాబూ. రేత్రి మళ్ళీ డ్యూటీ ఉంది.”

“షట్‌డౌన్ ఎంతకాలం?”

“నాను రిటైరయ్యేదాకా.” అప్పుడు లేచి కూర్చుని మంచం మీద చోటిచ్చాడు. “ఎండన పడొచ్చినారు. ఓపాలి నడుం వాల్చండి, తెలుస్తాది.”

సుబ్రహ్మణ్యం గారు కేవలం పరిశీలన నిమిత్తం నడుం వాల్చారు. పరిశీలన మధ్యాహ్న భోజనం వేళ దాకా సాగింది. కుమ్హారి మనుషులు కూడా తలకింద తువ్వాళ్ళు చుట్టుకుని తమ వంతు పరిశీలన చేశారు. లేచాక ఆయన ముఖం మీది నవారు అచ్చులు తడుముకుంటూ, మైదానం చివర ముళ్ళపొదల్లో కూలిపోయిన సైకిల్ స్టాండు వైపు చాలాసేపు చూశారు. ప్లాను అటు జరిపితే వంటశాలకు నీళ్ళ పైపు కూడా దగ్గరని, ఈ సంగతి తనకు ముందే తోచిందని ప్రకటించారు. ఎవరూ కాదనలేదు.

మండపం అక్కడే లేచింది. చెట్లు నిలిచాయి, అప్పడాలు ఆరాయి.

నాలుగేళ్ళకు శంకరరావు రిటైరయ్యాడు. మనిషి షిఫ్టు దిగితే ట్యాగ్ కూడా దిగాలి, నియమం నియమమే. దిగులుగా చెట్టు దగ్గరికి వెళ్తే, సింహాచలమ్మ కూడా వచ్చి, పక్క వీధి మనోజ్‌కుమార్‌ని పిలిపించింది. ఆ ఏడే మిల్లులో చేరిన కుర్రాడు, పుట్టింది భిలాయిలోనే.

“నైట్ డ్యూటీ నీకూ పడతాది కదేటి? ఈ చెట్టు అప్పజెప్పుకో,” అంది. “ఈయనికి నిద్రే గాని, తరవాత షిఫ్టు మాట తోచదు.”

“టెన్షన్ వద్దు మావయ్యా,” అన్నాడు మనోజ్. “మీది తీయండి, నాది వేస్తాను. బిల్కుల్ రూల్ ప్రకారం.”

పాత ట్యాగ్ దిగింది, కొత్తది ఎక్కింది. ఇక రాత్రిళ్ళు ఇంట్లోనే పడుకోవచ్చు గదా అని సింహాచలమ్మ సంతోషించింది. మర్నాడు పొద్దున మనోజ్ డ్యూటీ దిగి మంచం మోసుకుని వెళ్ళేసరికి, చెట్టుకింద అప్పటికే పాత గురకతో సహా ఒక నవారు మంచం ఉంది. కొత్తవాడికి సగం నీడ వదిలి, దాన్ని మర్యాదగా పక్కకు జరిపి ఉంచారు.