పూజపళ్లెంలో ఎర్ర పీలికలు

నాకు ఓపిక తక్కువ. కోదాడలో మనవరాలు చదివే ఇంజనీరింగ్ కాలేజీకి పాత యుద్ధవిమానం వచ్చిందని, ఆయుధపూజకు రమ్మని పిలిస్తే, ఎండలో నిలబెట్టి ఉపన్యాసాలు వినిపిస్తారని సూర్యాపేటలోనే కూర్చున్నాను. పొద్దున ఆ పిల్ల పంపిన ఫొటోలో ఎడమ రెక్క కింద అతుకు చూశాక మాత్రం దొరికిన బస్సు ఎక్కేశాను.

ఆ అతుకు నేను వేసిందే. డెబ్బై ఒకటి యుద్ధంలో ఈ విమానం దగ్గర నేను మెకానిక్‌ని. తూటాలు తగిలి చిల్లులతో వస్తే రేకు కోసి, రివెట్లు కొట్టి మళ్లీ పంపేవాళ్లం. యుద్ధం తర్వాత కొత్త పైలట్లకు దానిమీదే శిక్షణ ఇచ్చారట. ఆపైన ఏళ్లపాటు షెడ్డులో పడి ఉందట. ఇప్పుడు కాలేజీ గేటు లోపల నిలబెట్టారు.

నేను వెళ్లేసరికి పిల్లలు దాన్ని కడిగి, బొట్లు పెట్టి, ముక్కుకు బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు కూడా. నాకు నవ్వొచ్చింది. పూజపళ్లెం చూశాక ఆ నవ్వు పోయింది. కొబ్బరికాయ పక్కన, స్పానర్ల మధ్య, ఎర్ర పీలికలు కట్టిన ఇనుప పిన్నులున్నాయి, పసుపు కుంకుమలతో.

అవి పైలట్ సీటువి. ఆపదలో పైలట్‌ను సీటుతో సహా బయటికి ఎగరగొట్టే పేలుడు మందు ఆ సీటులో ఉంటుంది. పిన్ను ఉన్నంతసేపు అది పేలదు. పనిముట్లే కదా అని పిల్లలు వాటినీ పీకి పూజలో పెట్టారు.

తల ఎత్తాను. ఆ సీట్లో నా మనవరాలే, ఫొటో కోసం కూర్చుంది. మోకాళ్ల మధ్య ఉన్న పిడి మీద చెయ్యి వేసింది. దాన్ని లాగితేనే సీటు ఎగిరేది.

అరిస్తే ఉలిక్కిపడి లాగేస్తుందని భయం.

"బిడ్డా, చేతులు నెత్తిమీద పెట్టుకో. ఏం ముట్టకు," అన్నాను మెల్లగా.

నా మొహం చూసి పెట్టుకుంది. పిన్నులు తీసుకుని, అరిగిన మోకాళ్లతో నిచ్చెన ఎక్కాను.

యుద్ధంలో, ఎగిరేముందు ఆ పిన్నులు పీకి పైలట్‌కు చూపించడం నా పని. తిరిగొచ్చాక మళ్లీ గుచ్చడమూ నా పనే. ఈ రెక్కకు అతుకు పడుతున్న రోజు దీని పైలట్ వేరే విమానంలో వెళ్లాడు. దాని పిన్నులూ నేనే పీకి చూపించాను. తల ఊపి నవ్వాడు. వాటిని జేబులో వేసుకుని చీకటి పడేదాకా రన్‌వే దగ్గర నిలబడ్డాను. ఆయన రాలేదు.

పిన్ను మొదట రంధ్రంలోకి దిగలేదు. పిల్ల ఊపిరి బిగబట్టింది. మళ్లీ గుచ్చితే దిగింది.

విమానం తెచ్చినవాళ్లకు ఎవరో ఫోన్ చేశారు. మందు ఎప్పుడో తీసేశారట.

"తాతా, దాంట్ల ఏం లేదంట. ఊకనే పరేషాన్ అయినవ్," అంది మనవరాలు.

లేకపోతే మరీ మంచిది అన్నాను. ఆమె సీట్లోంచి లేచి, నిచ్చెన దిగి, నేలమీద కాలు పెట్టేదాకా మాత్రం చెయ్యి వదల్లేదు. ఆ రోజు రన్‌వే దగ్గర నిలబడి నేను ఎదురుచూసింది, పిన్ను గుచ్చి ఇలా ఒకరిని కిందికి దించడం కోసమే.