ఊరందరికీ తెలిసిన మా ఇంటి రహస్యం

తెలివితక్కువతనానికి ఎంట్రెన్సు పరీక్ష పెడితే మా జిల్లా మొదటి ర్యాంకు నాదే. ఆ మాట ముందు ఒప్పుకుంటేగాని మిగతాది చెప్పడానికి నాకు నోరు రాదు.

మాది సారపాక. పేపరు మిల్లు క్వార్టర్స్‌లో రెండు గదుల ఇల్లు. మిల్లు ల్యాబులో అట్ట మందం కొలవడం నా ఉద్యోగం. రోజంతా అట్టల మందం కొలిచేవాణ్ణి గనక నా బుర్ర మందం కొలుచుకునే తీరిక దొరకలేదు. మా అమ్మాయి ఇంటర్‌లో చేరిన ఏడాది ఇంటికి కంప్యూటరు కొన్నాం. టెలిఫోను తీగలోంచి ఇంటర్నెట్టు కూడా వచ్చింది. పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మా ఆవిడ అల్లిన లేసు గుడ్డ కప్పాం. తీరా మొదలుపెట్టబోతే తెర మీద ఒక ఖాళీ గడి కనబడి పాస్‌వర్డ్ ఇమ్మంది.

మా దగ్గర తెల్లకాగితం ముట్టుకుంటే ముందు పైన ‘శ్రీరామ’ అని రాస్తాం. ఉత్తరమైనా, సరుకుల చీటీ అయినా అంతే. భద్రాచలం రాముడు గోదావరి వంతెన దాటితే కనిపిస్తాడాయె. ఖాళీ జాగా చూడగానే నా చెయ్యి దానంతటదే కదిలి ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీరామ అని కొట్టేసింది. పెట్టె తెరుచుకుంది. గడికి గడియ పెట్టమంటే నేను బొట్టు పెట్టి వచ్చానన్నమాట.

అంతటితో ఆగానా? నా ఈమెయిలుకు అదే, మా ఆవిడ ఈమెయిలుకు అదే, అమ్మాయి ఈమెయిలుకూ అదే. సెల్‌ఫోను అంకెలే కావాలంటే శ్రీరామనవమి గుర్తుగా నాలుగు తొమ్మిదులు ఇచ్చాను. భద్రాచలం చుట్టుపక్కల లారీల మీద, కిరాణా కొట్ల మీద, ఆటోల వెనకాల పెద్దక్షరాలతో రాసి ఉండే మాటను నేను నా ఇంటి రహస్యమనుకున్నాను.

కాపలా మాత్రం గట్టిగా కాశాను. ఇంటర్నెట్టులో ఆడపిల్లలకు జరిగే మోసాల గురించి పేపర్లో చదివి, కంప్యూటరును ముందుగదిలో వీధి తలుపుకు ఎదురుగా పెట్టించాను. వచ్చేపోయేవాళ్లందరికీ తెర కనబడాలి. డ్యూటీ నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా అమ్మాయి ఏమేం చూసిందో వెనక్కి తిప్పి చూసేవాణ్ణి.

“ఇదేంది? ఎవరు పంపిండ్రు?”

“మా ఫిజిక్స్ సార్ పంపిన లెక్కలు నాన్నా.”

“తెరువు, చూస్త.”

తెరిచేది. అవి లెక్కలే. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా తలూపి, “సరే, జాగ్రత్త” అనేవాణ్ణి. ఆ పిల్ల ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. అది ఓపిక అని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది.

అమ్మాయికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. అప్పటికి కౌన్సెలింగు కంప్యూటర్లోకి మారింది. మన నంబరు, మన పాస్‌వర్డ్ కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. ఆ పాస్‌వర్డూ నేనే పెట్టించాను, అదే మాట. అందులో ఏ కాలేజీ మొదట కావాలో, ఏది తర్వాతో వరసగా పెట్టుకోవాలి. గడువు దాటేదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దాటాక మార్చలేం. పై నుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు దొరికే మొదటి సీటు ఇస్తారు. అమ్మాయి నాలుగు రోజులు కూచుని నోట్‌బుక్కులో వరస రాసుకుంది. మొదటిది హైదరాబాదులో ఒక సర్కారు కాలేజీ, కంప్యూటర్ బ్రాంచి. తన ర్యాంకుకు అది వచ్చి తీరుతుందని లెక్చరర్లు కూడా చెప్పారు. పిల్లకు కావలసింది అదొక్కటే.

అప్పుడే మా బామ్మర్ది వచ్చాడు. మా ఆవిడకు వరసకు తమ్ముడు, సత్తుపల్లి వైపు మనిషి. ఖమ్మం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీకి పిల్లల్ని చేర్పించడం అతని ఉద్యోగం. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసే కుర్చీ వేశాం.

“బావగారూ, నేనుండగా మీకు టెన్షనెందుకండీ? ఏదీ, అమ్మాయి ఎలా పెట్టిందో చూద్దాం” అన్నాడు.

అమ్మాయి పేజీ తెరిచి చూపించింది. అతను టీ తాగుతూ పైనున్న నంబరు దగ్గర్నుంచి కిందిదాకా చదివాడు.

“చక్కగా పెట్టావమ్మా. పాస్‌వర్డ్ జాగ్రత్తగా పెట్టుకున్నారు కదా బావగారూ? బయట మోసాలు ఎక్కువైపోయాయి.”

నేను గొప్పగా నవ్వాను. “మా ఇంట్ల అన్నిటికి ఒకటే బామ్మర్దీ. మనకు ఆ రాముడే దిక్కు.”

అమ్మాయి గిరుక్కున తిరిగింది. “నాన్నా! గట్ల చెప్తరా ఎవరన్న?”

“ఎవరే బయటోళ్లు? మీ మామే గద.”

ఇన్నేళ్లూ కాపలా పిల్లకు పెట్టాను. అసలు మనిషి వస్తే టీ పెట్టాను. మౌస్ పట్టడమైతే నేర్చుకున్నానుగాని ఎదురుగా కుర్చీలో కూచున్న పిల్లిని పోల్చుకోలేకపోయాను.

సీట్లు ప్రకటించే రోజు పొద్దున మేమింకా కంప్యూటరు మీది గుడ్డ తియ్యకముందే సెల్‌ఫోను మోగింది.

“బావగారూ, కంగ్రాట్స్! అమ్మాయికి మా కాలేజీలోనే సీటు! అక్కకి చెప్పండి, స్వీట్లు పంచమనండి.”

అమ్మాయి పరుగున వచ్చి పేజీ తెరిచింది. నిజమే. వరస తెరిచి చూసింది. మిగతా కాలేజీలన్నీ తను పెట్టినట్టే ఉన్నాయి. వాటన్నిటికీ పైన ఆ కాలేజీ పేరొకటి కొత్తగా వచ్చి కూచుంది.

“ఇది నేను పెట్టలే” అంది మెల్లగా. నోట్‌బుక్కు తెచ్చి తెర పక్కన పెట్టి మళ్లీ చూసుకుంది. ఎవరి తప్పో వెతుకుతున్నట్టు లేదు. తన తప్పేమోనని వెతుక్కుంటున్నట్టుంది. అది చూడలేక నేను ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లాను.

“ఏందయ్యా గీ పని?”

“కోప్పడకండి బావగారూ. ఆడపిల్లని అంత దూరం పంపి మీరుండగలరా? అక్క బెంగపడుద్దని నేనే చివర్రోజు కాస్త సర్దాను. ఇంటి దగ్గరే ఉంటది కదా.”

మా ఆవిడ ఫోను లాక్కుంది. “మావైపు మనిషని ముద్ద కలిపి పెట్టాను” అని మాత్రం అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కౌన్సెలింగు సెంటరుకు వెళ్లాం. అక్కడి ఉద్యోగి ఓపిగ్గా అంతా విన్నాడు.

“సార్, మీ నంబరుతోని, మీ పాస్‌వర్డ్‌తోనే మార్చిండ్రు. మిషనుకు మీరెవరు, మీ బామ్మర్ది ఎవరు? రెండో విడత ఉన్నది. అండ్ల పెట్టుకోండ్రి.”

రెండో విడతకు ఆ హైదరాబాదు కాలేజీలో కంప్యూటర్ బ్రాంచి నిండిపోయింది. వేరే ఊళ్లో ఇంకో సర్కారు కాలేజీలో సివిల్ వచ్చింది. అమ్మాయి దానికే వెళ్తానంది. వెళ్లేముందు పెట్టె సర్దుకుంటూ ఒక్కటే అడిగింది.

“నాన్నా, నేనేం చూసిన్నో తిప్పి చూసినవ్, నా మెయిల్ చూసినవ్, ఏనాడన్న ఏమన్న అన్ననా? ఆ పాస్‌వర్డ్ ఒక్కటన్న నాది గావాలె గదా?”

పిల్లను కాపాడుతున్నానని చెప్పి, దానికంటూ ఒక్క తాళం కూడా లేకుండా చేశాను.

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవన్నీ ముందేసుకుని కూచున్నాను. కంప్యూటర్లో ఎవరి వాకిలి వాళ్లకు వేరు చేశాను. మా ఆవిడ తన పాస్‌వర్డ్ తను పెట్టుకుంటూ, “అటు తిరగండి” అంది. తిరిగాను. పెళ్లయిన ఇన్నేళ్లకు మా ఇంట్లో నాకు తెలియనిదొకటి పుట్టింది, ఈనాటికీ దాని పేరు తెలియదు. నాది మాత్రం మరీ కట్టుదిట్టంగా పెట్టుకున్నాను. మూడో రోజుకల్లా నేనే లోపలికి పోలేకపోయాను. కంప్యూటరును తలుపు నుంచి గోడవైపు తిప్పాను. అమ్మాయి సెలవులకు వచ్చి దాని ముందు కూచుంటే నేను వరండాలోకి వెళ్లి పేపరు చదువుకునేవాణ్ణి. ఊరికే మాటలు కలిపేదిగాని, మునుపటిలా నా పక్కన కూచుని ఏదీ చూపించేది కాదు.

మరుసటి వేసవిలో కాలనీ క్లబ్బులో, ఎంట్రెన్సు రాసిన పిల్లలకు అవగాహన సభ పెట్టారు. ముఖ్య అతిథి మా బామ్మర్దే. ఒళ్లో సంచి, సంచినిండా ఖాళీ ఫారాలు. పిల్లలు పేరు, నంబరు, పాస్‌వర్డ్ రాసిస్తే అతనే దగ్గరుండి ఆప్షన్లు పెట్టిస్తాడట. బంధువును గదాని శాలువా కప్పే పని నాకు ఇచ్చారు. ఎవరూ వినరని వందన సమర్పణ కూడా నాకే ఇచ్చారు.

నిండుగా శాలువా కప్పాను. మైకు తీసుకున్నాను. ఒక తండ్రి ఉన్నాడనీ, వాడికంటే బుద్ధిలేనివాడు కాలనీలో ఇంకొకడు లేడనీ మొదలుపెట్టేసరికి జనం నవ్వారు. ఇంటికొచ్చిన చుట్టానికి పాస్‌వర్డ్ చెప్పాడన్నాను. చివరిరోజు ఆ వరసలో ఏం మారిందో, ఆ పిల్ల సీటు ఎటుపోయిందో చెప్పేటప్పటికి నవ్వులు ఆగిపోయాయి. చుట్టం పేరు చెప్పలేదు, కాలేజీ పేరూ చెప్పలేదు. ముందు వరసలో ఒకావిడ, “వాడెవడో చేతులు ఇరిగిపోను!” అంది గట్టిగా.

నేను అతిథి వైపు తిరిగాను.

“సార్‌కు గీ లైన్ల మంచి అనుభవముంది. సార్, మీరే చెప్పండ్రి. పాస్‌వర్డ్ ఎవరికన్న ఇయ్యొచ్చునా?”

మైకు అతని నోటి దగ్గర పెట్టాను. హాలంతా అతన్నే చూస్తోంది.

“ఇవ్వకూడదండీ” అన్నాడు.

“చుట్టాలకు?”

“... ఎవ్వరికీ ఇవ్వకూడదండీ.”

“కాలేజోళ్లకు సార్?”

“వాళ్లకి అసలే ఇవ్వకూడదు.”

చప్పట్లు మోగాయి. అందరూ కొడుతుంటే అతనూ కొట్టక తప్పలేదు. ఒళ్లోని సంచి జారి కిందపడి ఫారాలు చెల్లాచెదురయ్యాయి. ఒక్కటి కూడా వదలకుండా నేనే ఏరి, దుమ్ము దులిపి, మళ్లీ సంచిలో పెట్టి, మూతి బిగించి రెండు చేతులా అతనికి అందించాను.