అత్త గుండ్ల సరం ఉడకబెట్టిన రోజు

ఒక్క గిన్నెడు కుంకుడు నీళ్ళతో అత్తగారి బంగారాన్నీ, పరువునూ కలిపి కరిగించిన కోడలు ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారంటే, అది నేనే.

ఎనభైల నాటి మాట. చిత్తూరు వైపు నుంచి తమిళ దేశపు పెన్నాగరానికి కాపురానికి వచ్చి మూడు నెలలయింది. తమిళం నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం నేనే కల్పించుకునేదాన్ని. మర్నాడు ధర్మపురిలో చుట్టాల పెళ్ళి. అత్త తన గుండ్ల సరం నా చేతిలో పెట్టింది.

"గట్టి బంగారం. ఊర్లో ఎవరికీ లేదు. బద్రంగా వేసుకోని పో."

మెరుగు పెడదామని కుంకుడు నీళ్ళలో వేసి కుతకుతా మరిగించాను. మూత తీస్తే గుండ్ల చిల్లుల్లోంచి ఎర్రటి జిగురు కారుతోంది! బంగారానికీ రక్తం ఉంటుందా? గరిటెతో పైకి తీస్తే పాకంలా సాగింది. కంగారులో పట్టుకున్న గుండు నా వేళ్ళ మధ్య అప్పడమైపోయింది.

అత్తకు తెలియకుండా బజారులో నగలు చేసే ఆసారి దగ్గరికి పరుగెత్తాను.

"యారోడదు?" అన్నాడు. ఎవరిదని కదా!

"మా అత్తది."

ఆయన జిగురును గోటితో గీకి, "ఉళ్ళే ఎల్లాం అరక్కు మా" అన్నాడు.

'ఉళ్ళే ఎల్లాం' అంటే లోపలంతా అని తెలిసింది. అరక్కి అంటే రాక్షసి అని వీధినాటకాల పుణ్యమా అని అదీ తెలుసు. ఇంటికొచ్చి ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"వాడేమన్నాడే?"

"లోపలంతా రాక్షసి అన్నాడత్తా."

"సరంలోనా?"

"మీలో... అనుకుంటా."

అత్త చెప్పులు కూడా వేసుకోలేదు. నన్ను ఈడ్చుకుంటూ అంగడికి పోయింది.

"ఏమయ్యా, నన్ను అరక్కి అంటివంటనే?"

ఆసారికి తెలుగు వచ్చు. నా దిక్కు చూసి తల పట్టుకున్నాడు. "అరక్కి కాదమ్మా, అరక్కు! మీ తెలుగులో లక్క. పార్సిలుకు సీలు వేసేది, కుర్చీలకు పాలిష్ పెట్టేది. పైన రేకు బంగారం, లోపల లక్క పోసినారు. వేడి తగిలితే కరిగిపోతుంది."

అంగట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు మా వైపు తిరిగారు. అత్త ముఖం ఎర్రబడింది.

"మెల్లగ చెప్పు నాయనా. నా చెవులు బాగనే ఉండాయి."

తిరిగి వస్తుంటే దారిలో అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంట్లో అడిగితే ఏం చెప్తావు?"

"లక్క కారిందని..."

"ఆ మాట నోట్లోంచి వచ్చిందో, నిజంగానే అరక్కినైపోతా."

ఇకపై ఏ బంగారాన్నీ వేడినీళ్ళ దరిదాపులకు తీసుకుపోనని, ఎవరి తమిళాన్నీ తెలుగులోకి తేనని, అత్త కొంగు పట్టుకుని నడిరోడ్డు మీదే ఒట్టు వేశాను.